ఆఫీసు చూడ్డానికి వెళ్తున్నావు సరే, ఏం చూడాలో తెలుసా?

ప్రశ్న: అక్కా, నేను కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే వారం మా క్లాసులో 40 మందిని ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీ ఆఫీసుకి తీసుకెళ్తున్నారు. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా అక్కడే. నేను ఇంతవరకూ ఏ ఆఫీసూ లోపలికెళ్లి చూడలేదు, ఇంట్లో కూడా ఇలాంటి ఉద్యోగం చేసేవాళ్లు లేరు. మార్కులు ఓ మోస్తరు, కోడింగ్ అంతంత మాత్రం. అక్కడి ఇంజినీర్లతో మాట్లాడే టైమ్ ఇస్తారట. ఏం అడగాలో తెలియట్లేదు, ఏదో పిచ్చి ప్రశ్న అడిగి నలుగురిలో నవ్వులపాలవుతానేమోనని టెన్షన్. రెజ్యూమె పట్టుకెళ్లాలా? లాప్‌టాప్ తీసుకెళ్లాలా? ఫ్రెండ్సేమో ఫొటోలు దిగి వచ్చేయడమే కదా, దానికింత ఆలోచన ఎందుకంటున్నారు. నిజంగా ఏమైనా ఉపయోగం ఉంటుందా?

సమాధానం: నీ ఫ్రెండ్స్ అన్నది పూర్తిగా అబద్ధమేమీ కాదు, ముందు అది ఒప్పేసుకుంటా. ఇలాంటి ట్రిప్పులు చాలావరకు ఫొటోలతోనే అయిపోతాయి. నీ వయసులో నేనూ వెళ్లాను ఒకసారి. ఇప్పుడు గుర్తు చేసుకుంటే తేలేవి మూడంటే మూడే. లోపల బటన్లే లేని లిఫ్టు ఒకటి (ఏ అంతస్తుకి వెళ్లాలో బయటే నొక్కితే ఏ లిఫ్టెక్కాలో అదే చెప్పేది, మేం నలుగురం తప్పు లిఫ్టెక్కి రెండుసార్లు పైకీ కిందికీ తిరిగాం), పళ్లు టకటకలాడించిన ఏసీ ఒకటి, ఒకాయన గంటన్నర సేపు చూపించిన స్లైడ్లు ఒకటి. ఆ స్లైడ్లలో ఏముందని మాత్రం అడక్కు. అక్కడ పనిచేసేవాళ్లు రోజంతా ఏం చేస్తారన్నది ఎంత తెలియకుండా వెళ్లానో అంతే తెలియకుండా తిరిగొచ్చాను. తర్వాత చాలా ఏళ్లకి, ఉద్యోగంలో కాస్త కుదురుకున్నాక, వచ్చిన స్టూడెంట్స్‌ని ఫ్లోరంతా తిప్పి చూపించే పని నా నెత్తినే పడటం మొదలైంది. కాబట్టి రెండు వైపులా ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇంకొకరి ఆఫీసు చూడ్డానికి వెళ్లడం అంటే ఈ రంగంలో చాలామందికి ముందుగా గుర్తొచ్చే కథ ఒకటుంది. 1979 డిసెంబరులో స్టీవ్ జాబ్స్ తన ఆపిల్ వాళ్లని కొందరిని వెంటబెట్టుకుని, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీ వాళ్లకున్న పార్క్ (PARC) అనే పరిశోధన కేంద్రానికి వెళ్లాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు, నీకంటే ఓ మూడు నాలుగేళ్లు పెద్ద, అంతే. ఊరికే రానివ్వలేదులే, ఆపిల్ షేర్లు కొనుక్కునే అవకాశం జిరాక్స్‌కి దొరికాకే ఆ తలుపు తెరుచుకుంది. అక్కడ పనిచేసే అడెల్ గోల్డ్‌బర్గ్ అయితే మన దగ్గరున్నదంతా వీళ్లకి చూపించడమేంటని గట్టిగా అడ్డుపడింది, పైవాళ్లు ఆర్డర్ వేస్తే గానీ డెమోకి ఒప్పుకోలేదు. సరే, డెమో మొదలైంది. తెర మీద టెక్స్ట్ పైకి జరిగేటప్పుడు ఒక్కో లైను చొప్పున గెంతుతోంది. జాబ్స్‌కి అది నచ్చలేదు, అలా గెంతకుండా నున్నగా జరగదా అని అడిగాడు. ఎంత చిన్న ప్రశ్నో చూడు. డాన్ ఇంగాల్స్ అనే ఇంజినీరు నిమిషం కూడా పట్టకుండా, అక్కడికక్కడే, వాళ్ల కళ్లముందే ఆ ప్రోగ్రామ్‌ని మార్చేశాడు. తెర నున్నగా జరగడం మొదలైంది. వచ్చినవాళ్లలో ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లు నివ్వెరపోయారు.

నేను చెప్పాలనుకున్నది దీని తర్వాతది. అక్కడ జాబ్స్‌కి చూపించినవి మూడు: మౌస్‌తో నడిచే బొమ్మల తెర, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ (ప్రోగ్రామ్‌ని విడివిడి ముక్కలుగా కట్టి, ఏ ముక్కనైనా విడిగా మార్చుకోగలిగే పద్ధతి), వందకు పైగా కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలిపిన నెట్‌వర్క్. మొదటిది చూసేసరికి కళ్లు చెదిరిపోయి మిగతా రెండూ తనకి కనపడనే లేదని 1990ల్లో ఒక ఇంటర్వ్యూలో జాబ్సే చెప్పుకున్నాడు. తమాషా ఏంటంటే, ప్రోగ్రామ్‌ని నిమిషంలో మార్చగలగడం చాలావరకు ఆ రెండోదాని చలవే. అడిగిందీ తనే, జవాబు జరిగిందీ తన ఎదుటే, కానీ చూపంతా తెర మీదే ఉండిపోయింది.

నీకు వచ్చే వారం ఎదురయ్యేది కూడా ఇదే. నీ విషయంలో ఆ మొదటిది తెర కాదు, ఆఫీసు. అద్దాల గోడలు, రంగురంగుల కుర్చీలు, ఎక్కడో మూల టేబుల్ టెన్నిస్ బల్ల. చూడు, తప్పేం లేదు, ఓ పావుగంట నోరు తెరుచుకునే చూడు, నేను ఇప్పటికీ కొత్త ఆఫీసుకి వెళ్తే చూస్తాను. ఆ పావుగంట అయ్యాక మాత్రం చూపు మనుషుల మీదికీ, వాళ్ల బల్లల మీదికీ తిప్పు.

ఫ్లోర్ మీదికి వెళ్లగానే ముందు నువ్వు కొంచెం నిరాశపడతావు, ఇప్పుడే చెప్తున్నా. అక్కడ చప్పుడుండదు. టకటకా కోడ్ కొట్టేసేవాళ్లు పెద్దగా కనపడరు. ఒకతను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పది నిమిషాలుగా ఒకే పేజీ చూస్తుంటాడు, ఇంకొకామె బోర్డు ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది, ఇద్దరు ఒకే మానిటర్ వైపు వేలు చూపిస్తూ గుసగుసలాడుతుంటారు. ఇదేనా పని అనిపిస్తుంది. ఇదే పని! రాయడం కంటే చదవడం ఎక్కువ, అదీ చాలావరకు ఇంకెవరో ఎప్పుడో రాసింది.

వైట్‌బోర్డులు చూడు. నాకైతే ఏ ఆఫీసులోనైనా అన్నిటికంటే నిజం చెప్పేవి అవే. డబ్బాలు, బాణాలు, సగం చెరిపిన అంకెలు, మూల పెద్దక్షరాలతో ‘చెరపొద్దు’ అని, దాని కింద రెండు నెలల కిందటి తేదీ. ఒకసారి మా ఫ్లోర్‌కి వచ్చిన గుంపులో వెనకాల నిలబడ్డ ఒక అబ్బాయి, పొద్దున్నుంచీ నోరు విప్పనివాడు, మా బోర్డు చూసి, అన్ని డబ్బాలూ నీలంగా ఉన్నాయి కదా, ఆ ఒక్కదాని చుట్టూ మాత్రం ఎర్రగా ఎందుకు గీశారండీ అని అడిగాడు. మా టీమ్‌లో ఒకాయన ఉండేవారు, మీటింగుల్లో కూడా నాలుగు మాటలు మించి మాట్లాడరు, ఆయన కుర్చీ తిప్పుకుని లేచొచ్చి మార్కర్ అందుకున్నారు. ఆ డబ్బా ఒక పాత ప్రోగ్రామ్, రాసినావిడ ఎప్పుడో మానేసి వెళ్లిపోయింది, లోపల ఏం జరుగుతుందో పూర్తిగా తెలిసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు, కానీ మిగతా డబ్బాలన్నీ రాత్రీపగలూ దాన్నే అడుగుతుంటాయి, దాన్ని మారిస్తే ఏమవుతుందోనని అందరికీ భయం, మార్చకపోతే ఏమవుతుందోనని ఇంకా భయం. ఇరవై నిమిషాలు చెప్పారు. మధ్యలో ఆ అబ్బాయి, మరి దాని పక్కనే కొత్తది కట్టి కొద్దికొద్దిగా అటు మళ్లించొచ్చు కదా అన్నాడు. మేం ఆ నెలంతా కొట్టుకు చస్తున్నది సరిగ్గా దాని గురించే. ఆ అబ్బాయి మార్కులెన్నో మాకెవరికీ తెలీదు, అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

కాబట్టి పిచ్చి ప్రశ్న అవుతుందేమో అన్న భయం పక్కన పెట్టు. నాకు తెలిసి అక్కడ విసుగు పుట్టించేవి పిచ్చి ప్రశ్నలు కాదు, ఎవరినైనా అడగగలిగే పెద్ద పెద్ద ప్రశ్నలు. రాబోయే పదేళ్లలో ఏ టెక్నాలజీ రాజ్యమేలుతుంది, మీ కంపెనీ కల్చర్ ఎలా ఉంటుంది, మాలాంటి వాళ్లకి మీరిచ్చే సందేశమేంటి... వీటికి ఎదుటివాళ్ల దగ్గర కూడా తయారుగా ఉన్న జవాబే ఉంటుంది, అది వాళ్ల వెబ్‌సైట్లో ఎలాగూ రాసే ఉంటారు. దానికి బదులు మనిషిని అడుగు, వాళ్ల ఈ వారం గురించి అడుగు. ఇప్పుడు ఏ పని మీద ఉన్నారు, అది ఎక్కడ ఆగింది? చేరిన మొదటి నెలలో అస్సలు అర్థం కానిదేంటి? కాలేజీలో నేర్చుకున్నవాటిలో రోజూ వాడేది ఏది, ఇంతవరకూ ఒక్కసారి కూడా వాడనిది ఏది? జవాబులో తెలియని మాట వస్తే, అదేంటండీ అని అక్కడే ఆపి అడుగు. అర్థమైనట్టు తలూపేసి ఇంటికొచ్చి వెతుక్కుందామనుకుంటే కుదరదు, ఆ మాటే గుర్తుండదు.

ఒక్కటి మాత్రం తప్పకుండా అడుగు, కుదిరితే చూపించమను కూడా: కోడ్ రివ్యూ. కాలేజీ ల్యాబ్‌లో మనకి ప్రోగ్రామ్ రన్ అయి ఔట్‌పుట్ వస్తే రికార్డులో సంతకం పడుతుంది, కథ ముగుస్తుంది. అక్కడ రన్ అయ్యాకే కథ మొదలవుతుంది. నువ్వు రాసిన పన్నెండు లైన్ల మార్పుని ఇంకో ఇద్దరు చదివి పక్కన కామెంట్లు రాస్తారు. ఈ లిస్టు ఖాళీగా వస్తే ఏమవుతుంది, ఈ పేరు చదివితే లోపల ఏముందో నాకు తెలియలేదు, ఇదే పని చేసే ఫంక్షన్ మన దగ్గర ఆల్రెడీ ఉంది చూసుకో. మనకి మనం బాగానే రాశామనుకున్నదాని మీద ఇలా వరుసగా పడుతుంటే మొదట్లో ఏడుపొస్తుంది, నాకొచ్చింది. అవన్నీ సరిచేసి, టెస్టులు పాసై, అప్పుడు కూడా ఒకేసారి అందరికీ వదలరు. ముందు కొద్దిమంది యూజర్లకి ఇచ్చి చూస్తారు. దాన్ని కెనరీ రిలీజ్ అంటారు, బొగ్గు గనుల్లోకి విషవాయువుని పసిగట్టడానికి పట్టుకెళ్లిన కెనరీ పిట్టల నుంచి వచ్చిన పేరు అది. ఇంకో మాట, నీకు గిట్ (కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచి ఉంచే టూల్) ఇంకా అలవాటు లేకపోతే ఈ వారంలోనే కాస్త చేతిలోకి తెచ్చుకో. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) పని కోసం మొదలుపెట్టింది, ఇప్పుడు దాదాపు ఎక్కడికెళ్లినా అదే ఉంటుంది. బ్రాంచ్ అంటే ఏంటో, మెర్జ్ అంటే ఏంటో తెలిస్తే చాలు, వాళ్లు చూపించే రివ్యూ సగానికి సగం అర్థమవుతుంది.

నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇంకోటుంది, కాస్త చనువు దొరికాక అడగాల్సింది. ఆఖరిసారి మీ చేతి మీదుగా ఏదైనా పాడైందా, తర్వాత ఏం జరిగింది? దీని జవాబులో ఆ కంపెనీ ఎలాంటిదో మొత్తం దొరుకుతుంది. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ వాళ్ల ఎస్3 స్టోరేజీ (వేరే కంపెనీలు తమ ఫైళ్లు దాచుకునే ఆన్‌లైన్ సర్వీసు) అమెరికాలోని ఒక రీజియన్‌లో కొన్ని గంటలపాటు కుప్పకూలింది, దాని మీద ఆధారపడ్డ సైట్లు బోలెడు ఆగిపోయాయి. కారణం ఒక కమాండ్. కొన్ని సర్వర్లని మాత్రమే పక్కకి తీయాలనుకుని ఇచ్చిన కమాండ్‌లో ఒక విలువ తప్పు పడింది, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు పోయాయి. ఏ సర్వీసు పనిచేస్తోందో ఏది చేయట్లేదో చూపించే వాళ్ల పేజీని అప్‌డేట్ చేసే పని కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండటంతో, కాసేపు అదీ కుదరలేదు! (ఇంజినీర్లు దీన్ని ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు, తమ ఇంట్లో ఇలాంటివి ఎన్నున్నాయో లోపల లెక్కేసుకుంటూ.) తర్వాత అమెజాన్ బయటపెట్టిన వివరణ చదివితే అందులో ఫలానా వ్యక్తి తప్పు చేశాడు అన్న గోల లేదు. ఆ టూల్ సర్వర్లని అంత వేగంగా తీసేయగలగడమే తప్పన్నారు. నెమ్మదిగా తీసేలా, ఉండాల్సిన కనీస సంఖ్య కంటే కిందికి పోనివ్వకుండా దాన్ని మార్చామన్నారు. నువ్వు మాట్లాడే ఇంజినీరు తన టీమ్‌లో జరిగిన పొరపాటు గురించి ఈ పద్ధతిలో చెప్తున్నారా, లేక గొంతు తగ్గించి చుట్టూ చూసి మాట మార్చేస్తున్నారా గమనించు. రేపు ఎక్కడైనా ఉద్యోగంలో చేరేటప్పుడు జీతం తర్వాత చూసుకోవాల్సింది నా దృష్టిలో ఇదే.

ఇవన్నీ మైకు పట్టుకుని అడగాల్సిన పని లేదు. హాల్లో 40 మంది మధ్య లేచి నిలబడాలంటే నాకిప్పటికీ గుండె దడే. ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిచేటప్పుడు, లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు, తిప్పి చూపించే మనిషి పక్కన చేరు. అందరూ కారిడార్లో ఫొటోల కోసం ఆగుతారు చూడు, సరిగ్గా అప్పుడు ఆ మనిషి ఒంటరిగా నిలబడి ఫోన్ చూసుకుంటుంటారు. నీకు ఆ రోజు దొరికే అసలైన పది నిమిషాలు అవే.

కోడింగ్ అంతంత మాత్రం అన్నావు. అక్కడెవరూ నీకు పరీక్ష పెట్టరు, అది ఇంటర్వ్యూ కాదు. పైగా ఆ ఫ్లోర్ మీద కూర్చున్న అందరిదీ ఒకే పని కాదు, అది చూసుకోవడానికి కూడా ఇదే అవకాశం. టెస్టింగ్ వాళ్లుంటారు, డిజైన్ వాళ్లుంటారు, సర్వర్లు పడిపోకుండా చూసేవాళ్లుంటారు (వాళ్లలో ఎవరో ఒకరు ఆన్‌కాల్‌లో ఉంటారు, వాళ్ల ఫోన్ రాత్రి రెండింటికి మోగినా లేవాల్సిందే, చివరిసారి ఎప్పుడు మోగిందో అడుగు), కస్టమర్లతో మాట్లాడేవాళ్లు, యూజర్ల కోసం డాక్యుమెంట్లు రాసేవాళ్లు. ఇవన్నీ చూశాక ఈ పని నాకొద్దు అనిపించినా అది కూడా లాభమే, మూడో సంవత్సరంలోనే తెలిసిపోయింది కదా.

రెజ్యూమె సంగతి. ఫోన్లో ఒక పీడీఎఫ్ ఉంచుకో, అడిగితే పంపు. కట్ట ప్రింట్లు తీసుకెళ్లి కనపడ్డవాళ్లందరికీ పంచకు. ఆ ఇంజినీరుకి దాన్నేం చేయాలో తెలీదు, డ్రాయర్లో పెడతారు, ఆ డ్రాయర్ మళ్లీ తెరిచేది ఆఫీసు మారేటప్పుడే. బాగా మాట్లాడినవాళ్లని మెయిల్ ఐడీ ఇస్తారా అని అడుగు, ఇస్తే మర్నాడే నాలుగు లైన్లు రాయి. థాంక్స్ ఒక్కటే కాదు, వాళ్లు చెప్పినదాంట్లో ఒకటి పట్టుకుని, నేనిది ఇంటికొచ్చి చేసి చూశాను, ఇక్కడ ఆగిపోయాను అని రాయి. ఉద్యోగం ఇప్పించమని ఆ మెయిల్‌లో రాయకు. ఆర్నెల్ల తర్వాత ఇంటర్న్‌షిప్ గురించి అడగాల్సి వస్తే అప్పుడు అడగడానికి ఒక దారి ఉంటుంది.

గేటు దగ్గరి సంగతులు గబగబా చెప్పేస్తా. ఐడీ కార్డు ఒరిజినల్ దగ్గర ఉంచుకో, కాలేజీ వాళ్లు పంపిన లిస్టులో నీ పేరు స్పెల్లింగ్ కార్డు మీద ఉన్నట్టే ఉందో లేదో ముందే చూసుకో, దాని కోసం అరగంట బయట నిలబడ్డ పిల్లల్ని చూశాను. ట్యాబ్ మీద ఏదో సంతకం పెట్టమంటారు, చదవకుండా గీకేయకు. చాలాచోట్ల అది లోపల చూసిందీ విన్నదీ బయట చెప్పనని ఒప్పుకోవడం. ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటించినా అంటిస్తారు, పీకకు. ఫొటోలకి ఒప్పుకున్న చోట కూడా నీ వెనకాల ఏముందో చూసుకుని దిగు, నీ సెల్ఫీలో నీ కంటే వెనకున్న వైట్‌బోర్డే స్పష్టంగా పడుతుంది. తలుపుల దగ్గర ముందు వెళ్లేవాళ్లు మర్యాదకి తలుపు పట్టుకుని నిలబడినా వాళ్ల వెనకే దూరిపోకు, నీ పాస్ నువ్వే స్వైప్ చెయ్. అది మర్యాద తప్పడం కాదు, అలా ఒకరి వెనకాల ఒకరు వెళ్లిపోవడం సెక్యూరిటీ వాళ్లకి పెద్ద తలనొప్పి. బట్టల గురించి అడగలేదు గానీ, చెప్పులో బూట్లో పాతవే వేసుకో, కొత్తవి వద్దు, చాలా నడిపిస్తారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అందరూ ఫొటోలు పంపించుకుంటుంటారు కదా, ఆ గంటలో గుర్తున్నది రాసుకో. చక్కగా రాయక్కర్లేదు, విన్న కొత్త మాటలు, ఎవరు ఏ పని మీద ఉన్నారు, నీకు అర్థం కానివి. రాత్రికి సగం మర్చిపోతావు, మర్నాటికి లిఫ్టూ ఏసీ మిగులుతాయి.

ఇంక లాప్‌టాప్. ఇంట్లోనే వదిలెయ్. తీసుకెళ్తే గేటు దగ్గర దాని సీరియల్ నంబరు రాయించుకోవాలి, వచ్చేటప్పుడు మళ్లీ చూపించాలి, రెండు క్యూలు, పైగా లోపల తెరిచే అవసరమే రాదు. పెన్ డ్రైవ్ కూడా వద్దు. చిన్న నోటుబుక్కు, రెండు పెన్నులు చాలు. రెండోది ఎందుకంటే, నీ పక్కన కూర్చునే అమ్మాయి ఎలాగూ తెచ్చుకోదు.